డైవర్సిటీకి ఇన్ని మారుపేర్లు ఎందుకు? అసలు మలుపు 1978లో ఉంది

అమెరికాలో డైవర్సిటీ, అంటే కాలేజీల్లో ఆఫీసుల్లో రకరకాల జాతుల, నేపథ్యాల వాళ్ళు ఉండాలన్న మాట మీద రగడ మళ్ళీ రాజుకుంది. 2024 నవంబరులో వాల్‌మార్ట్ 'డీఈఐ'ని (డైవర్సిటీ, ఈక్విటీ, ఇన్‌క్లూజన్) పక్కన పెట్టి 'బిలాంగింగ్' (మనవాళ్ళన్న భావన) అనడం మొదలుపెట్టింది. 2025 జనవరిలో టార్గెట్ తన 'సప్లయర్ డైవర్సిటీ' విభాగానికి 'సప్లయర్ ఎంగేజ్‌మెంట్' అని పేరు మార్చింది. ఏప్రిల్‌లో హార్వర్డ్ కూడా డైవర్సిటీ ఆఫీసు పేరు తీసేసి 'కమ్యూనిటీ అండ్ క్యాంపస్ లైఫ్' అని పెట్టింది. ఇదంతా ట్రంప్ రెండోసారి గెలిచాక వచ్చిన భయమేనని చాలామంది అంటున్నారు. భయం నిజమే, కానీ ఆ మాట ఇంత సులువుగా ఎందుకు కూలిపోయిందో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్ళాలి.

బానిసత్వం, పౌర హక్కుల ఉద్యమం, మార్టిన్ లూథర్ కింగ్ కథ అందరికీ తెలిసిందే కాబట్టి నేరుగా 1978లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిన బకీ కేసుకే వస్తాను. కాలిఫోర్నియా యూనివర్సిటీకి డేవిస్‌లో ఉన్న మెడికల్ కాలేజీలో అప్పట్లో 100 సీట్లుంటే, మైనారిటీ విద్యార్థుల కోసం 16 విడిగా ఉంచేవారు. రెండుసార్లు సీటు రాని తెల్లజాతి ఇంజినీరు అలన్ బకీ కోర్టుకెక్కాడు. సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీలు ఇటు, నలుగురు అటు. మధ్యలో మిగిలింది జస్టిస్ లూయిస్ పావెల్ ఒక్కరే.

యూనివర్సిటీ తన విధానానికి నాలుగు కారణాలు చెప్పింది: వైద్య వృత్తిలో మైనారిటీల కొరత తగ్గించడం, సమాజంలో జరిగిన వివక్ష ఫలితాలను సరిదిద్దడం, డాక్టర్లు లేని ప్రాంతాలకు డాక్టర్లను పంపడం, తరగతి గదిలో రకరకాల నేపథ్యాల వాళ్ళు ఉంటే చదువుకు వచ్చే మేలు. పావెల్ మొదటి మూడూ చెల్లవన్నాడు, నాలుగోది ఉంచాడు. పదహారు సీట్ల కోటా పోయింది, డైవర్సిటీ మిగిలింది. దానికి నమూనాగా హార్వర్డ్ విధానాన్ని ఎత్తి చూపించాడు. ఐడహో నుంచి వచ్చిన రైతు కుర్రాడు బోస్టన్ కుర్రాడు ఇవ్వలేనిది ఏదో ఇవ్వగలడు, నల్లజాతి విద్యార్థి కూడా అలాగే అని అందులో రాసుంది. తరతరాల అన్యాయానికి గురైన మనిషిని, మారుమూల పొలం నుంచి వచ్చిన మనిషిని ఒకే వరసలో నిలబెట్టారన్నమాట. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. బాకీ తీర్చాల్సిన చోట, మీరుంటే మా క్లాసు బాగుంటుంది అని చెప్పి సరిపెట్టారు.

ఇది అదే కోర్టులో ఒకాయనకు అప్పుడే కనిపించింది. సుప్రీంకోర్టుకు తొలి నల్లజాతి జడ్జి థర్‌గుడ్ మార్షల్ విడిగా అభిప్రాయం రాశాడు. రెండు వందల ఏళ్ళు నల్లవాళ్ళ మీద వివక్ష సాగుతుంటే అడ్డురాని రాజ్యాంగం, దాని ఫలితాలను సరిచేయబోతే అడ్డొస్తుందా అన్నదే ఆయన ప్రశ్న. సంకెళ్ళతో బానిసలుగా తెచ్చిన రోజుల దగ్గర్నుంచి తన రోజుల్లో నల్లజాతి పిల్లల ఆయుర్దాయం దాకా వరసగా చెప్పుకొచ్చాడు. కానీ తర్వాత నాలుగు దశాబ్దాలకు పైగా కాలేజీల లాయర్లు పట్టుకున్నది పావెల్ మాటనే, ఎందుకంటే కోర్టులో నిలబడేది అదొక్కటే.

మన దగ్గర దారి వేరు. 1951లో తొలి సవరణ చేసినప్పుడు 'సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులు' అని రాజ్యాంగంలోనే కారణం పేరు పెట్టి రాసుకున్నాం. గొడవలు మనకూ ఉన్నాయి, కానీ రిజర్వేషన్లు ఎందుకిస్తున్నామో దాచుకోలేదు. అమెరికా కంపెనీల వెంట ఆ మాట హైదరాబాద్‌కి వచ్చాక మాత్రం 'డైవర్సిటీ హైరింగ్' అంటే చాలా ఆఫీసుల్లో ఆడవాళ్ళను తీసుకోవడమే అయింది, కులం ఊసు అందులో రాదు.

అమెరికాలో అధ్యక్షుడు రీగన్ కాలంలో 'అఫర్మేటివ్ యాక్షన్' (వివక్షకు గురైనవాళ్ళకు సీట్లు, ఉద్యోగాల్లో చేయూత) మీద ఒత్తిడి పెరిగేసరికి కంపెనీల హెచ్‌ఆర్ వాళ్ళు కూడా డైవర్సిటీకి మళ్ళారు, వ్యాపారానికి మంచిది అన్న వాదనతో. తర్వాత ఇన్‌క్లూజన్, ఈక్విటీ, బిలాంగింగ్ ఒకదాని పక్కన ఒకటి చేరాయి. ఎవరికీ కోపం రాకుండా ఉండాలన్న జాగ్రత్తతో ఎంచుకున్న మాటలు కాబట్టి ఎవరికి ఏం రావాలో ఏ ఒక్కటీ గట్టిగా చెప్పలేదు.

2023 జూన్ 29న, అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడం చెల్లదన్న హార్వర్డ్ కేసులో చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ సరిగ్గా ఆ మెత్తటి చోటే పట్టుకున్నాడు: ఇలాంటి లక్ష్యాలు నెరవేరాయో లేదో కోర్టు ఎలా కొలవాలి? ఆసియా విద్యార్థులకు వ్యక్తిత్వ మార్కులు తక్కువ వేశారన్న ఆరోపణా ఆ కేసులో ఉంది, అక్కడి మన తెలుగు కుటుంబాలకు అది ఇంట్లో టెన్షన్ పెట్టే విషయమే, కొట్టిపారేయలేం.

2025 జనవరి 21న ట్రంప్, ప్రభుత్వ కాంట్రాక్టర్లు వివక్ష చూపకూడదంటూ 1965లో అధ్యక్షుడు జాన్సన్ ఇచ్చిన ఉత్తర్వును కూడా రద్దు చేశాడు. సెనేటర్ టెడ్ క్రూజ్ తప్పుపట్టిన సైన్స్ గ్రాంట్ల జాబితాలోకి పుదీనా జాతి మొక్కల మీద పరిశోధన కూడా వచ్చింది, మొక్కల వైవిధ్యం గురించి 'డైవర్సిఫై' అన్న మాట వాడినందుకే కావచ్చు. ఇక పేరు మార్చుకుంటే గట్టెక్కుతాం అనుకున్నవాళ్ళకు 2025 జూలై చివర్లో న్యాయశాఖ మార్గదర్శకాలు వచ్చాయి. 'కల్చరల్ కాంపిటెన్స్' (వేరే సంస్కృతుల వాళ్ళతో మెలిగే నేర్పు), 'లివ్డ్ ఎక్స్‌పీరియన్స్' (సొంత జీవితానుభవం) లాంటి మాటలను కూడా జాతికి మారుగా వాడితే చట్టవిరుద్ధం కావచ్చని వాటిలో హెచ్చరించారు.