చెట్ల పటం చేతిలో ఉంటే అడవి భవిష్యత్తు తెలిసిపోతుందా? అపోహలు - వాస్తవాలు

హార్డ్‌వుడ్ అడవిలో (వెడల్పాటి ఆకుల చెట్లుండే అడవిలో) ఒక పెద్ద చెట్టు కూలితే పైనున్న ఆకుల పందిరిలో ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ ఏ జాతికి దక్కుతుందన్నదాన్ని బట్టే రాబోయే దశాబ్దాల్లో అక్కడి అడవి రూపం ఉంటుంది. ప్రతి చెట్టు స్థానం, జాతి, కాండం వ్యాసం నమోదైన పటాలతో ఈ మార్పును కంప్యూటర్‌లో అనుకరించడం నా పని. దీని గురించి తరచూ వినబడే అపోహలు ఇవి.

అపోహ: ఏ జాతి చెట్లు ఎన్ని ఉన్నాయో తెలిస్తే చాలు, ఎక్కడున్నాయో అనవసరం.

అడవి మార్పును అనుకరించే జబోవా అనే కంప్యూటర్ మోడల్ 1972లో వచ్చింది, అది అలాగే పనిచేసింది. అందులో అడవి గడులుగా ఉంటుంది. సుమారు 100 చదరపు మీటర్ల గడిలో తనకంటే ఎత్తైన చెట్ల నీడ మాత్రమే ఒక చెట్టుపై పడుతుంది. పక్క గడితో సంబంధం లేదు. ఈ రంగానికి పునాది వేసిన మోడల్ అది, దానిపై నాకు గౌరవం ఉంది. కానీ సమశీతోష్ణ ప్రాంతాల్లో సూర్యకాంతి ఏటవాలుగా వస్తుంది. ఉత్తరార్ధగోళంలో ఖాళీ గుండా దిగే ఎండ ఎక్కువగా దాని ఉత్తరపు అంచుకు, అక్కడ నిలబడి ఉన్న చెట్ల కిందికి కూడా చేరుతుంది. అక్కడ ఏ మొక్క ఉందో చెప్పేది పటమే. 1990లలో వచ్చిన సార్టీ మోడల్ ప్రతి చెట్టుకూ స్థానం ఇచ్చింది ఇందుకే.

అపోహ: ఖాళీ ఏర్పడ్డాక పడిన విత్తనాలే దాన్ని నింపుతాయి.

తూర్పు ఉత్తర అమెరికా అడవుల్లో షుగర్ మేపుల్, బీచ్ పిల్ల చెట్లు నీడలోనే దశాబ్దాలు నిరీక్షించగలవు. చిన్న ఖాళీలను చుట్టూ ఉన్న పెద్ద చెట్ల కొమ్మలే మూసేస్తాయి. ట్యూలిప్ చెట్టు లాంటి వెలుగు కోరే జాతికి పెద్ద ఖాళీ కావాలి. కాబట్టి 10 సెంటీమీటర్ల వ్యాసం దాటిన చెట్లనే గుర్తించిన పటంలో అసలు పోటీదారులు చాలామంది కనిపించరు. పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల తొలినాళ్లలో 50 హెక్టార్లలో 1 సెంటీమీటరు నుంచి కొలవడం మొదలుపెట్టారు. శ్రమ ఎక్కువే అయినా నేను ఆ పద్ధతి పక్షమే.

అపోహ: ఒక్కసారి పటం గీస్తే సరిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. ఏటా 1 శాతం చెట్లు చనిపోతే, ఇప్పుడున్నవాటిలో వందేళ్ల తర్వాత సుమారు 37 శాతం మిగులుతాయి. అదే 1.5 శాతమైతే మిగిలేది 22 శాతమే. అర శాతం తేడాతో రెండు వేర్వేరు అడవులు! ఈ రేటు తెలియాలంటే అవే చెట్లను మళ్లీ కొలవాలి. వంద చెట్లను ఐదేళ్లు గమనిస్తే మొదటి రేటుకు దాదాపు 5, రెండో రేటుకు 7 మరణాలు కనిపిస్తాయి. ఆ తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. వేల చెట్లు, చాలా ఏళ్ల కొలతలు కావాలని మేము పట్టుబట్టేది అందుకే. అరుదైన జాతుల విషయంలో అప్పటికీ సందేహం తీరదు.

అపోహ: ఏ చెట్టు ఎప్పుడు కూలుతుందో మోడల్ చెబుతుంది.

చెప్పదు. ప్రతి మరణమూ సంభావ్యత ప్రకారం జరిగే ఎంపిక. అదే పటంతో మోడల్‌ను వందల సార్లు నడిపి, ఫలితాలు ఎంత విస్తారంగా మారుతున్నాయో చూడాలి.

అపోహ: పటం హద్దు బయటి చెట్లతో మనకు పని లేదు.

ఒక చెట్టు ప్రభావం 20 మీటర్ల దాకా ఉంటుందనుకుందాం. ఒక హెక్టారు చతురస్రంలో హద్దుకు 20 మీటర్ల లోపే 64 శాతం నేల ఉంటుంది. అంటే పొరుగు చెట్లన్నీ పటంలో ఉన్న భాగం 36 శాతమే. ప్లాటు (పటం గీసిన స్థలం) ఒక అంచును ఎదుటి అంచుకు కలిపేసే గణిత ఉపాయం ఉంది కానీ, అవి కల్పిత పొరుగులు. వీలైన చోటల్లా హద్దు అవతల 20 మీటర్ల పట్టీలోని పెద్ద చెట్లనైనా కొలిపించండి.