కోళ్ల గూట్లో సున్నం చల్లితే ఘాటు ఎందుకు పెరుగుతుంది?

చంద్రగిరి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "పెరట్లో నాటుకోళ్లు పెంచుతున్నాం. గూట్లో కింద ఊక వెయ్యాలా, చెనక్కాయ పొట్టు వెయ్యాలా? వానలకు కంపు ఎత్తితే సున్నం చల్లమంటున్నారు, చల్లొచ్చా?" అసలు రసాయనశాస్త్రమంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

ముందు మొదటిది. నేనైతే ఊకే వేస్తాను. అది నీళ్లు పెద్దగా పీల్చదు గానీ, ముద్ద కట్టదు, కలియబెడితే త్వరగా ఆరుతుంది. రంపపు పొట్టు మరీ సన్నగా ఉంటే పిల్లలు మేతనుకుని తినేస్తాయి. చెనక్కాయ పొట్టు తడిని బాగా పీలుస్తుంది, మన జిల్లాల్లో సులభంగా దొరుకుతుంది కూడా. దాంతో భయమల్లా బూజే. 1960లో ఇంగ్లండ్‌లో దాదాపు లక్ష టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం వెతికితే మేతలో కలిపిన చెనక్కాయ చెక్క దగ్గర తేలింది. దానికి పట్టిన బూజు వదిలిన విషమే అఫ్లటాక్సిన్. పొట్టులో మిగిలిన పుచ్చు గింజల్ని కోళ్లు వెతికి మరీ తింటాయి. కాబట్టి బాగా ఎండిన పొట్టయితేనే వాడండి.

ఇక సున్నం సంగతి. కోడి విడిగా మూత్రం పోయదు. రెట్ట మీద తెల్లగా కనిపించేదే దాని మూత్రం, అంటే యూరిక్ ఆమ్లం. అది నీళ్లలో దాదాపు కరగదు, ఎండి ఉన్నంతసేపు ఏ గొడవా లేదు. తడి తగిలితే బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది. యూరికేజ్ అనే ఎంజైమ్ యూరిక్ ఆమ్లాన్ని అలంటాయిన్‌గా మారుస్తుంది, అది మరికొన్ని మెట్లు దిగి యూరియా అవుతుంది, యూరియేజ్ అనే మరో ఎంజైమ్ దాన్ని విడగొట్టి, ఘాటైన అమ్మోనియా వాయువు చేస్తుంది.

ఆ అమ్మోనియా అంతా గాలిలోకి రాదు. ఒక హైడ్రోజన్ అయాన్ దొరికితే అమ్మోనియంగా మారి తడిలోనే ఉండిపోతుంది, వాసన రాదు. ఎంత ఉండిపోతుంది, ఎంత ఎగిరిపోతుంది అన్నది పీహెచ్ చేతిలో ఉంది. పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత: 7 కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర ఎగరగలిగేది నూటికి ఒక వంతు కూడా లేదు. 8 దగ్గర సుమారు 5 శాతం, 9 దగ్గర 36 శాతం. తడి సున్నం పీహెచ్ 12 పైనే, అక్కడ దాదాపు అంతా వాయువే! అంటే కోళ్లు లోపల ఉండగా తడి ఊక మీద సున్నం చల్లితే, అణిగి ఉన్న అమ్మోనియానంతా ఒక్కసారిగా వాటి ముక్కుల దగ్గర వదిలినట్టే.

బడిలో నవాసారం (అమ్మోనియం క్లోరైడ్), సున్నం కలిపి అమ్మోనియా చేసే ప్రయోగం ఇదే. సమీకరణం బట్టీ పట్టించి వదిలేసే బదులు కోళ్ల గూటితో ముడిపెట్టి చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు.

గాలిలో పది లక్షల భాగాలకు అమ్మోనియా 25 భాగాలు మించితే కోడికి మంచిది కాదు. కళ్లు మండుతాయి, శ్వాసనాళంలో దుమ్మును బయటికి నెట్టే సన్నని నూగు దెబ్బతింటుంది. మనం నిలబడి వాసన చూస్తే తెలియదు, పైగా మన ముక్కు ఆ ఘాటుకు త్వరగా అలవాటు పడిపోతుంది. అప్పుడే బయటి నుంచి వచ్చి, కోడి తల ఎత్తుకు వంగి చూడాలి.

సున్నం వద్దని కాదు. కోళ్లను తోలేసి, పాత ఊక ఎత్తేసి, నేలకూ గోడలకూ సున్నం కొట్టి, ఆరాక కొత్త ఊక వేస్తే క్రిములు పోతాయి. కోళ్లుండగా పీహెచ్ తగ్గించాలంటే పటిక పొడి లాంటి ఆమ్ల గుణం ఉన్నది పనిచేస్తుంది, అయితే అది కూడా తడి తగ్గించాకే.

తడి ఎంతుందో పిడికిలితో తెలుస్తుంది. ఊకను గట్టిగా పిసికి వదలండి. ఉండలా నిలిస్తే తడి ఎక్కువ. అసలు అంటుకోకుండా దుమ్ము రాలితే మరీ పొడి. కాస్త అంటుకుని విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి, ఆ నెలల్లో రోజూ చూడండి. నీళ్ల గిన్నె చుట్టూ ముందు చూడండి, గడ్డ కట్టేది అక్కడే. కోడిపిల్లలు రక్తంతో పారుకుని చనిపోతే దిష్టి తగిలిందని గూటికి మిరపకాయలు కట్టేవాళ్లున్నారు. అది కాక్సిడియా అనే పరాన్నజీవి పని. రెట్టలో బయటికొచ్చిన దాని గుడ్డుకు తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే మరో కోడికి అంటే స్థితికి వస్తుంది. గడ్డ కట్టిన ఊకను ఆ రోజే ఎత్తేసి పొడి ఊక వేస్తే దానికి ఆ తడి దొరకదు.