ముడతల భూమి నుంచి మూసుకుపోయిన సముద్రం దాకా

పర్వతశ్రేణులు ఎలా పుట్టాయన్న ప్రశ్నకు 19వ శతాబ్దపు భూగర్భ శాస్త్రవేత్తలు ఎండిపోయిన ఆపిల్ పండును చూపించేవారు. వేడిగా పుట్టిన భూమి చల్లారుతూ కుంచించుకుపోతోందనీ, అందుకే పైపొర ముడతలు పడిందనీ ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సూయస్ వంటి పెద్దలు భావించారు. పోలిక ఇంపుగానే ఉంది. కానీ ముడతలు పండు నిండా పడతాయి, పర్వతాలు మాత్రం సన్నని పట్టీలుగానే ఎందుకు లేచాయో అది చెప్పలేకపోయింది.

ఖండాలు కదులుతాయని ఆల్ఫ్రెడ్ వెజెనర్ 1912లో ప్రతిపాదించినా, వాటిని కదిలించే శక్తి ఏమిటో చూపలేకపోవడంతో ఆ మాట చాలాకాలం చెల్లలేదు. సముద్రగర్భం విస్తరిస్తోందని 1960లలో తేలాక, కెనడా శాస్త్రవేత్త టూజో విల్సన్ 1966లో అట్లాంటిక్ ఒకసారి మూసుకుపోయి మళ్లీ తెరుచుకుందా అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఆధారం ట్రైలోబైట్లు, అంటే ఎప్పుడో అంతరించిన, గట్టి పెంకుగల సముద్రజీవులు. కెనడా తూర్పు తీరానున్న న్యూఫౌండ్‌లాండ్ దీవి పడమటి భాగంలో దొరికే ట్రైలోబైట్లు ఉత్తర అమెరికా రకానివి కాగా, తూర్పు భాగంలో దొరికేవి ఐరోపా వైపువి. లోతైన సముద్రం అడ్డుగా ఉంటే తప్ప రెండు జీవజాతులు అలా వేరువేరుగా పెరగవు. ఆ సముద్రానికి తర్వాత అయాపెటస్ అని పేరు పెట్టారు. గ్రీకు పురాణంలో అయాపెటస్, అట్లాంటిక్ పేరుకు మూలమైన అట్లాస్‌కు తండ్రి కనుక, అట్లాంటిక్ కంటే ముందటి సముద్రానికి ఆ పేరు చక్కగా అమరింది.

సముద్రం అడుగున ఉండే రాతి పలక బరువైనది కనుక ఖండం అంచు కిందికి దిగిపోతుంది. సముద్రం పూర్తిగా హరించుకుపోయాక ఎదురుపడే ఖండాలు తేలికైనవి, అంత సులభంగా దిగవు. పొరల మీదికి పొరలు ఎక్కి పటలం, అంటే భూమి పైపొర, మందమెక్కుతుంది. మామూలుగా 35 కిలోమీటర్లుండే ఆ మందం టిబెట్ కింద సుమారు 70కి చేరింది. అయినా ఖండం అసలు దిగదనుకోవడమూ పొరపాటేనని 1984లో తేలింది. పశ్చిమ ఆల్ప్స్‌లో ఒకప్పుడు ఖండంలో భాగమైన రాళ్లలోని గార్నెట్ స్ఫటికాల్లో ఫ్రెంచి శాస్త్రవేత్త క్రిస్టియన్ షోపాన్ కోయెసైట్ అనే ఖనిజాన్ని గుర్తించాడు. దాదాపు 100 కిలోమీటర్ల లోతులో ఉండే ఒత్తిడికి గాని, మామూలు ఇసుకలో కనిపించే క్వార్ట్జ్ ఖనిజం ఆ రూపం దాల్చదు. పైకి వచ్చేటప్పుడు అది తిరిగి క్వార్ట్జ్‌గా మారుతూ ఉబ్బడంతో, చుట్టూ ఉన్న గార్నెట్ కిరణాల్లా పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లు సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనిపిస్తాయి.

ఇంత చేసి నిలబెట్టిన ఎత్తును వానా, మంచూ అరగదీస్తాయి. పైభారం తగ్గేకొద్దీ పర్వతం కింద లోతుగా దిగిన మందపాటి పటలం, అంటే దాని వేరు, పైకి తేలుతుంది. అందుకే 26 కోట్ల ఏళ్ల నాటికి పలు ఢీల తర్వాత రూపుదిద్దుకున్న అపలాచియన్ శ్రేణిలో నేటి ఎత్తైన శిఖరం 2,037 మీటర్లే. ఎత్తును బట్టి పాత పర్వతాన్ని అంచనా వేయడం, నా దృష్టిలో, పునాది మాత్రమే మిగిలిన ఇంటిని చూసి అది ఎన్ని అంతస్తులో చెప్పబూనడమే. వెతకవలసింది రెండు ఖండాలు అతుక్కున్న గీతను.

అట్లాంటిక్ మళ్లీ తెరుచుకున్నప్పుడు భూమి ఆ పాత అతుకు వెంటే చీలలేదు. చీలివుంటే ఐరోపా రకం ట్రైలోబైట్లన్నీ ఆవలి ఒడ్డుకే పోయేవి. కొంత పక్కకు జరిగి చీలడం వల్లనే అవి న్యూఫౌండ్‌లాండ్ తూర్పు తీరంలో మిగిలిపోయి విల్సన్ కంటపడ్డాయి.