పంటల పాటలో దాగిన మాట

వడ్డేపల్లిలో మా ఇంటి ముందు గల్లీలో సాయంత్రం ఐదయిందంటే పిల్లల గోల మొదలవుతుంది. దాగుడుమూతలకు ముందు దొంగ ఎవరో తేలాలి. మా చిన్నప్పుడు అరచెయ్యి బోర్లానో వెల్లకిలానో పెట్టి పంటలు వేసుకునేవాళ్లం. ఇప్పటివాళ్లు ఇంగ్లీషు మీడియం పిల్లలు. గుండ్రంగా నిలబడి, ఒక్కొక్కరి మీద వేలు పెడుతూ ‘ఈనీ మీనీ మైనీ మో’ అంటారు. పులిని కాలివేలు దగ్గర పట్టుకో, అరిస్తే వదిలెయ్ అని ఆ పాట సాగుతుంది. ఆరో తరగతి చదువుతున్న మా చెల్లె బిడ్డ ఒకరోజు నన్ను అడిగింది: “పెద్దమ్మా, పులిని కాలివేలు పట్టుకుంటే అది ఊరుకుంటదా?”

మంచి ప్రశ్న. నిజానికి ఆ పాటలో ఒకప్పుడు పులి లేదు. 19వ శతాబ్దంలో అమెరికాలో పిల్లలు పాడుకున్న రూపంలో, పులి ఉన్న చోట నల్లజాతి మనుషులను తిట్టే మాట ఉండేది. మనుషులను బానిసలుగా కొని అమ్మిన కాలం ఆ మాటలో ఉంది. దాన్ని నేనిక్కడ రాయను. ఎందుకు రాయనో ఈ వ్యాసం చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ఈ పాట వల్లే 2014లో బ్రిటన్‌లో పెద్ద గొడవ జరిగింది. బీబీసీలో కార్ల మీద వచ్చిన ‘టాప్ గేర్’ కార్యక్రమానికి అప్పట్లో జెరెమీ క్లార్క్‌సన్ వ్యాఖ్యాత. టయోటా, సుబారు కంపెనీల రెండు కార్లు అచ్చం కవల పిల్లల్లా ఉంటే, ఏది ఎంచుకోవాలో తేల్చడానికి ఆయన ఈ పాట అందుకున్నాడు. టీవీలో ప్రసారం కాని ఒక టేకు ఆ ఏడాది మే నెలలో ఒక పత్రిక చేతికి చిక్కింది. అందులో ఆ పాత మాటను ఆయన గొణిగినట్టు వినిపిస్తోందని పత్రిక రాసింది. నేను ఆ మాట అనలేదని ఆయన మొదట ఖండించాడు. తరువాత వీడియోలో కనిపించి, ఆ మాటంటే తనకు అసహ్యమని, అది వినపడకుండా గొణిగానని, ఇంకో టేకులో దాని బదులు ‘టీచర్’ అన్నానని, తన ప్రయత్నం సరిపోలేదని చెప్పి క్షమించమని వేడుకున్నాడు. అంతకు కొద్ది రోజుల ముందే ఇంకో వివాదం నడిచింది. బర్మా ప్రయాణంపై తీసిన ప్రత్యేక కార్యక్రమంలో, వంతెన మీద ఒక ఆసియా మనిషి నడుస్తుండగా, ‘వాలు’ అనే అర్థం ఉండి ఆసియావాళ్లను ఎగతాళి చేసే తిట్టు కూడా అయిన మాటను ఆయన వాడాడు. అది నిబంధనలకు విరుద్ధమని ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ అదే ఏడాది జులైలో తేల్చింది.

ఇలాంటప్పుడు ఏ దేశంలోనైనా వినపడే మాట ఒకటుంది. నోరు జారింది. నలభై ఏళ్లుగా జంతుశాస్త్రం చదువుతూ, చెబుతూ వచ్చిన నాకు ఆ మాట దగ్గర ఆగాలనిపిస్తుంది. నోరు జారడమంటే అసలు ఏం జరుగుతుంది? జారిన మాట ఎక్కడి నుంచి వస్తుంది?

మా తాతకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మంచినీళ్లు కావాలంటే చెయ్యి చూపించడమే. కానీ భజన మొదలైతే గొంతు కలిపేవాడు. ఒకటి నుంచి పది దాకా అంకెలు గడగడా చెప్పేవాడు. కోపం వస్తే ఒక తిట్టు స్పష్టంగా వచ్చేది. ఇంట్లో అందరూ అదేదో మహిమ అనుకున్నారు. 19వ శతాబ్దంలోనే లండన్ వైద్యుడు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ ఇలాంటి రోగులను చూసి, ఆలోచించి కూర్చుకునే మాట వేరు, దానంతటదే వచ్చే మాట వేరు అని గుర్తించాడు. చాలామందిలో మాటను కూర్చే పని మెదడు ఎడమ భాగం చేస్తుంది. అది దెబ్బతిన్నా, చిన్నప్పటి నుంచి నోటికి పట్టిన పాటలు, అంకెలు, ప్రార్థనలు, తిట్లు చాలామందిలో మిగులుతాయి. పంటల పాట, తిట్టు రెండూ ఒకే గంపలో ఉంటాయన్నమాట. ఆ ఇంగ్లీషు పాటలో ఆ రెండూ ఒకే చరణంలో కలిశాయి.

పాట నోటికి పట్టిందంటే దాన్ని లయ కాపాడుతుంది. ఒక్క అక్షరం తగ్గినా వేలు తప్పు మనిషి మీద ఆగుతుంది, పిల్లలు ఒప్పుకోరు. అందుకే ఇలాంటి పాటలు తరాల పాటు పెద్దగా మారవు. మారినా తాళంలో దెబ్బకు దెబ్బ సరిపోయే మాటే అక్కడ కూర్చుంటుంది. పోయిన మాటకు ఇంగ్లీషులో రెండు దెబ్బలు, వచ్చిన ‘టైగర్’కూ రెండే. క్లార్క్‌సన్ పెట్టిన ‘టీచర్’కూ రెండే. 1960లో పుట్టిన మనిషికి ఆ పాత రూపమే చిన్నప్పుడు నోటికొచ్చి ఉంటుంది. అంతవరకు ఆయన తప్పేమీ లేదు. ఏ పిల్లవాడూ తను నేర్చుకునే పాటను ఎంచుకోడు.

అయితే నోటికి కాపలా ఉంటుంది. అమెరికాలో మైకేల్ మోట్లీ, బెర్నార్డ్ బార్స్ అనే పరిశోధకులు తమ సహచరులతో కలిసి 1970ల చివర్లో, 1980ల మొదట్లో ఈ కాపలాను పరీక్షించారు. తెర మీద జంట పదాలు వరసగా చూపిస్తారు. మనసులో చదువుకోవాలి. హఠాత్తుగా గంట మోగితే చివరి జంటను పైకి చదవాలి. ముందు చూపిన జంటలన్నీ మొదటి అక్షరాలు తారుమారయ్యేలా నాలుకను సిద్ధం చేస్తాయి. ‘కాకి పాట’ అనబోయి ‘పాకి కాట’ అన్నట్టు. తారుమారైతే మామూలు మాట వచ్చే జంటల్లో చాలామంది తప్పారు. తారుమారైతే బూతు వచ్చే జంటల్లో తప్పినవాళ్లు తగ్గారు. అంటే మాట పెదవి దాటకముందే మెదడు దాన్ని చూసి ఆపుతోంది.

ఇందులో నన్ను బాగా కదిలించింది ఇంకోటి. వాళ్లు వేళ్లకు చిన్న పరికరం తగిలించి చర్మం మీద చెమటను కొలిచారు. మనకు టెన్షన్ వస్తే అరచేతుల్లో సన్నగా చెమట పడుతుంది, అప్పుడు చర్మం విద్యుత్తును ఎక్కువగా పోనిస్తుంది. బూతు పైకి రాని సందర్భాల్లో కూడా ఆ చెమట పెరిగింది. లోపల ఆ మాట తయారైంది, కాపలావాడు చూశాడు, ఆపాడు, ఒంటికి మాత్రం చెమట పట్టింది. ఈ కాపలావాడికి ఏది ఆపాలో పుట్టుకతో తెలియదు. ఇల్లు, బడి, స్నేహితులు, టీవీ నేర్పుతాయి. ఏ మాటకు ఇంట్లో అమ్మ కళ్లు ఉరుముతుందో ఆ మాటను ఆపుతాడు. ఏ మాటకు అందరూ నవ్వుతారో దాన్ని వదిలేస్తాడు.

అందుకే నోరు జారింది అన్న వివరణ నాకు సగమే అనిపిస్తుంది. జారడానికి లోపల ఆ మాట ఉండాలి, దాన్ని ఆపక్కర్లేదని కాపలావాడు అనుకోవాలి. పైగా టీవీ కార్యక్రమంలో మాట ఒక్క నోటితో పోదు. రాసేవాళ్లు, తీసేవాళ్లు, ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లు ఉంటారు. ఇంతమంది కళ్ల ముందు నుంచి బయటికి వచ్చిన మాటను జారిన మాట అనలేం. వంతెన జోకు ప్రసారమైంది కూడా.

నవ్వు సంగతి చెప్పాలి. థామస్ ఫోర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు స్త్రీలను కించపరిచే జోకులపై ప్రయోగాలు చేశారు. జోకు విన్నంత మాత్రాన మంచి మనిషి చెడ్డవాడు కాలేదు. కానీ లోపల ఇప్పటికే చులకన భావం ఉన్నవాళ్లు, జోకు విన్న తరువాత స్త్రీల పట్ల జరిగే అన్యాయాన్ని మరింత తేలిగ్గా తీసుకున్నారు. ఇక్కడ ఇది నడుస్తుంది అని ఆ జోకు వాళ్లకు అనుమతి ఇచ్చినట్టయింది. జాతిని కించపరిచే జోకు కూడా ఇదే దారిలో పనిచేస్తుందని నేను అనుకుంటాను. లక్షల మంది చూసే వ్యాఖ్యాత నవ్వుతూ అన్న మాటకు ఇంత గొడవ ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే.

మన గల్లీలోకి వద్దాం. ఆ ఇంగ్లీషు తిట్టు మన కాలేజీ పిల్లల నోట్లో ఇప్పుడు మామూలైపోయింది. ఫోన్లో ర్యాప్ పాటలు విని దోస్తును అలా పిలుస్తారు. ఒకసారి నేను ఆపి అడిగితే, “ఏముంది మేడమ్, ఉత్తగనే” అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. టర్కీ భాష తొలి భాషగా ఉండి ఇంగ్లీషు తరువాత నేర్చుకున్నవాళ్ల మీద 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇదే చర్మపు చెమటను కొలిచారు. బూతులకు, చిన్నప్పుడు పెద్దవాళ్లు మందలించే మాటలకు తొలి భాషలో ఒళ్లు ఎక్కువగా స్పందించింది. నేర్చుకున్న భాషలో ఆ ఘాటు తగ్గింది. పరాయి భాష తిట్టు నాలుకకు తేలిగ్గా ఉంటుంది. ఎవరి ఇంట్లో ఆ మాటతో తాతముత్తాతలు దెబ్బలు తిన్నారో వాళ్ల చెవికి తేలిగ్గా ఉండదు.

మన భాషలో మనకు తగిలేవి వేరే ఉన్నాయి. మా వైపు నల్లగా ఉన్నదాన్ని కర్రె అంటాం. కర్రె కోడి, కర్రె మేక అన్నప్పుడు అది రంగు పేరే. పెళ్లిచూపుల్లో “పిల్ల జర కర్రెగున్నది” అన్నప్పుడు అది రంగు పేరు కాదు, తీర్పు. ఆ వాక్యం నా ముందే, నా గురించే అన్నారు. అప్పుడు నాకు 22 ఏళ్లు. చాయ్ గ్లాసులు పట్టుకొని గుమ్మంలో నిలబడ్డ ఆ క్షణం ఇప్పటికీ అరచేతుల్లో తెలుస్తుంది.

రంగు కథ శాస్త్రంలో చాలా చిన్నది. చర్మంలో మెలనిన్ తయారుచేసే కణాలు నల్లవాళ్లలో, తెల్లవాళ్లలో దాదాపు ఒకే లెక్కలో ఉంటాయి. తేడా అంతా ఆ మెలనిన్ గింజల పరిమాణంలో, రకంలో, అవి పరుచుకున్న తీరులో ఉంది. జీబ్రా చేపను పరిశీలిస్తూ 2005లో రంగుకు సంబంధించిన ఒక ముఖ్యమైన జన్యువును కనుగొన్నారు. అందులో డీఎన్ఏ రాతలో ఒక్క అక్షరం మారితే చర్మం రంగు తగ్గుతుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2013 అధ్యయనం, మనవాళ్లలో ఉన్న ఆ మార్పూ యూరప్ వాళ్లలో ఉన్న మార్పూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చినవని చూపింది. జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1972లోనే, మనుషుల జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒక్కో జనసమూహం లోపలే ఉంటుందని లెక్కగట్టాడు. జాతి పేరు పెట్టి తిట్టే తిట్టుకు జీవశాస్త్రంలో నిలబడే చోటు లేదు.

యాస విషయంలోనూ ఇదే బాధ పడ్డాం. తెలుగు సినిమాల్లో చాలాకాలం మా తెలంగాణ యాస రౌడీకో హాస్యగాడికో దక్కింది. యాసను వెక్కిరించడం, జాతి పేరుతో తిట్టడం ఒకటి కావు, వాటి చరిత్రల బరువు వేరు. లోపల జరిగేది మాత్రం దగ్గరగా ఉంటుంది. 1960లో వాలెస్ లాంబర్ట్, ఆయన సహచరులు కెనడాలోని మాంట్రియల్‌లో, రెండు భాషలూ బాగా వచ్చినవాళ్ల చేత ఒకే విషయాన్ని ఇంగ్లీషులో, ఫ్రెంచిలో చదివించి రికార్డు చేశారు. గొంతు ఒకరిదేనని వినేవాళ్లకు తెలియదు. ఫ్రెంచి గొంతుకు చాలా గుణాల్లో తక్కువ మార్కులు పడ్డాయి. ఫ్రెంచివాళ్లు కూడా తమ భాష గొంతుకు తక్కువే వేశారు. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు వెళ్లి ‘గిట్ల’ అనబోయి మింగుకున్న మా జనగామ, పరకాల పిల్లలకు ఈ ప్రయోగం గురించి చెబితే, ఎవరూ అర్థం కాలేదనలేదు.

ఇలాంటి మాట ఒక్కసారి పడితే మనిషి దులుపుకుంటాడు. రోజూ పడితే ఒళ్లు ఎప్పుడూ కాపు కాస్తూ ఉంటుంది. ఒత్తిడి హార్మోన్లు పెరగాల్సినప్పుడు పెరిగి, తగ్గాల్సినప్పుడు తగ్గితే శరీరానికి మేలే. తగ్గడానికి విరామం దొరక్కపోతే గుండె, రక్తనాళాలు, నిద్ర అరుగుతాయి. బ్రూస్ మెక్‌యూవెన్ అనే శాస్త్రవేత్త ఈ అరుగుదలపై జీవితమంతా పనిచేశాడు.

2007లో బ్రిటన్ రియాలిటీ షోలో శిల్పా శెట్టిని తోటివాళ్లు అవమానించినప్పుడు ఆఫ్‌కామ్‌కు 40 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. మన దేశమంతా రగిలింది. రగలాల్సిందే. బ్రిటన్‌లో క్లార్క్‌సన్ గొడవ నడిచిన ఆ 2014లోనే, జనవరిలో, ఢిల్లీ లజపత్ నగర్‌లో జుట్టును ఎగతాళి చేయడంతో మొదలైన గొడవలో దెబ్బలు తిని, అరుణాచల్ విద్యార్థి నిడో తానియా చనిపోయాడు. తరువాత వేసిన బెజ్‌బారువా కమిటీ, జాతిని కించపరిచే మాటలను శిక్షించే చట్టం కావాలని సిఫారసు చేసింది. ఇక్కడ మన వరంగల్ నిట్‌లో సగం సీట్లు బయటి రాష్ట్రాల పిల్లలవే. కాజీపేట స్టేషన్‌లో సూట్‌కేసుతో దిగే ఈశాన్య రాష్ట్రాల పిల్లవాణ్ణి మన ఆటో స్టాండు, మన కిరాణా కొట్టు ఏమని పిలుస్తున్నాయో ఒకసారి నిలబడి వినాలి. నేను విన్నాను.

పులి సంగతి మా చెల్లె బిడ్డకు మొత్తం చెప్పాను, ఆ పాత మాట తప్ప. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత మెల్లగా, “పెద్దమ్మా, మా గల్లీల ఒక పిలగాడు ఉన్నడు కదా, చైనా” అంది. రెండు ఇళ్ల అవతల అద్దెకు దిగిన మణిపూర్ కుటుంబం. వాళ్లబ్బాయికి ఎనిమిదేళ్లు. ఏడాదిగా వీళ్లతో ఆడుతున్నాడు.

“వాని పేరేంది?” అన్నాను.

“తెల్వది.”

మర్నాడు సాయంత్రం అడిగి వచ్చింది. చెప్పబోయి ఒకసారి తప్పు పలికింది, మళ్లీ తప్పింది. గేటు దగ్గర నిలబడ్డ ఆ అబ్బాయి అక్కడి నుంచే సరిచేశాడు. మూడోసారికి వచ్చింది.