ఇసుక వెంట విశాఖ నుంచి భీమిలి దాకా

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డు పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. కుడిచేతి వైపు సముద్రం, ఎడమచేతి వైపు కొండలు. తెన్నేటి పార్కు, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు. ఆదివారం వచ్చిందంటే ఊరు ఊరంతా ఈ దారి పడుతుంది. పార్కు వేరు, బీచ్ వేరు, కొండ వేరు అన్నట్టు ఒక్కోచోటా ఆగి, ఫొటోలు దిగి, ముంత మసాలా తిని ఇళ్ళకు చేరతాం.

నిజానికి ఈ దారి పొడవునా ఉన్నది ఒకటే సరుకు. కొండ మీద రాయిగా ఉంటుంది, గెడ్డలో, అంటే కొండవాగులో, కొట్టుకొస్తుంది, ఒడ్డున పరుచుకుంటుంది, గాలికి లేచి దిబ్బవుతుంది. ఆ ఇసుక వెంట నడిస్తే ఏది ఎందుకు అక్కడుందో దానంతటదే తెలుస్తుంది.

అందుకని మొదలుపెట్టాల్సింది బీచ్‌లో కాదు, కంబాలకొండలో. ఊరిని ఆనుకుని సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఇది. ఒకప్పుడు విజయనగరం రాజావారి అధీనంలో ఉండేది, 1970 నుంచి అటవీశాఖ చూసుకుంటోంది. కాలిబాటలున్నాయి. చిరుతలు తిరిగే అడవి కాబట్టి బాట వదలకూడదు, ఒంటరిగా పోకూడదు. పొద్దున్నే వెళ్ళేవాళ్ళు ఎక్కువమంది పిట్టల కోసం వెళ్తారు. తలెత్తి చూసినంత సేపు చూసి, తర్వాత కాళ్ళ కింది రాయిని కూడా ఒకసారి చూడండి.

తుప్పు మరకలతో, చారలు చారలుగా కనిపించే ఆ రాయి పేరు ఖోండలైట్. తూర్పు కనుమల్లో చాలా భాగం దీనితోనే కట్టుకుంది. డాల్ఫిన్స్ నోస్ అని పిలుచుకునే యారాడ కొండా, కైలాసగిరీ కూడా ఇదే. పుట్టుకలో ఇది బురదా, ఇసుకా. ఏదో పాత సముద్రం అడుగున పేరుకున్న మట్టి భూమి లోపలికి బాగా దిగిపోయి, సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై స్ఫటికాలుగా మారింది. దగ్గరగా చూస్తే కనిపించే ఎర్రటి గింజలు గార్నెట్. సన్నగా పొడుగ్గా ఉండేవి సిల్లిమనైట్. ఆ కాలంలో ఈ కొండల పక్కన బంగాళాఖాతం లేదు, అంటార్కిటికా ఉంది. ఇదే వయసున్న, ఇదే తీరు రాళ్ళు ఇప్పటికీ తూర్పు అంటార్కిటికాలో దొరుకుతాయి. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట ఆ ఖండం విడిపోయి అటు జరిగాకే మనకు తూర్పు తీరమంటూ ఏర్పడింది.

గట్టిగా కనిపించినా వానకీ ఎండకీ ఈ రాయి తట్టుకోలేదు. ఇందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మెత్తబడి బంకమట్టిగా మారుతుంది. ఇనుమున్న ఖనిజాలు తుప్పుపడతాయి. గట్టి ఖనిజాలైన క్వార్ట్జ్, గార్నెట్ మాత్రం గింజలుగా మిగిలిపోతాయి. వర్షాకాలంలో గెడ్డలు వీటన్నిటినీ కిందికి దించుకెళ్తాయి. బంకమట్టి తేలిక గనక సముద్రంలో చాలా దూరం పోతుంది, గింజలు ఒడ్డు దగ్గరే ఆగుతాయి. కొండలో కరగనిదీ అరగనిదీ ఒడ్డున మిగిలితే అదే బీచ్. ఆ దించుకెళ్ళే వేగాన్ని అదుపులో ఉంచేది అడవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు కంబాలకొండలో కూలిన చెట్ల సంగతి ఊరివాళ్ళకు గుర్తే. వేర్లు పోయిన వాలు మీద ప్రతి వానా నేరుగా మట్టికే తగులుతుంది.

తొట్లకొండ మీదికి జనం బౌద్ధ స్తూపం కోసం ఎక్కుతారు. 1976లో నౌకాదళం ఇక్కడ సర్వే చేసినప్పుడు శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1992 దాకా తవ్వకాలు జరిగాయి. నన్ను ఎప్పుడూ ఆపేది స్తూపం కాదు, రాతిలో తొలిచిన నీటి తొట్లు. రెండువేల ఏళ్ళ నాటి భిక్షువులు, నది లేని కొండ మీద, పైనుంచి పడ్డ వాననీటిని ఆ రాతిలోనే నిలవ పెట్టుకుని బతికారు. కిందికి చూస్తే కనుచూపు మేరా నీళ్ళే, తాగడానికి చుక్క పనికిరాదు. ఎదురుగా ఆ తొట్లలో నిలిచినదే వాళ్ళకు దిక్కు.

ఇక ఒడ్డుకు దిగుదాం. భీమిలి వైపు బీచ్‌లలో ఇసుక మీద అక్కడక్కడా నల్లటి పొరలు, వాటి అంచున గులాబీ చారలు కనిపిస్తాయి. ఓడల నుంచి కారిన నూనె అనో, ఫ్యాక్టరీ మురికి అనో చాలామంది పక్కకి జరుగుతారు. అది మురికి కాదు. నల్లగా ఉన్నది ఎక్కువగా ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజం, గులాబీ రంగులో ఉన్నది కొండ మీద చూసిన గార్నెట్. నీటితో పోలిస్తే క్వార్ట్జ్ సుమారు 2.65 రెట్లు బరువు, గార్నెట్ 4 రెట్లు, ఇల్మనైట్ 4.7 రెట్లు. అల విసురుగా వచ్చినప్పుడు అన్నీ పైకి వస్తాయి. వెనక్కి పోయేటప్పుడు నీటికి అంత బలం ఉండదు, కాబట్టి తేలిక గింజలనే పట్టుకుపోతుంది. చేటలో బియ్యం చెరిగితే పొట్టు ముందుకు జారి గింజ వెనక మిగిలినట్టే. సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజుల తర్వాత నల్లపొరలు మందంగా పడటానికి ఇదే కారణం. చిన్న అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆ నల్ల ఇసుక మీద తిప్పితే కొన్ని గింజలు అంటుకుంటాయి. గట్టిగా అంటుకునేది మాగ్నటైట్. పిల్లలు వెంట ఉంటే ఈ పని తప్పక చేయించండి. ఇదే నల్ల ఇసుకలో జిర్కాన్, రూటైల్, మోనజైట్ అనే విలువైన ఖనిజాలు కూడా ఉంటాయి. భీమిలి తీరం ఇసుక మీద గనుల వాళ్ళ కన్ను ఎప్పటినుంచో ఉండటానికి కారణం అదే.

బీచ్‌లో ఇసుక నిలకడగా ఉందనుకోవడం మన కంటి భ్రమ. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి, ఇసుకను గింజ గింజగా ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ ప్రవాహానికి అడ్డంగా ఏది కట్టినా దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన కోత పడుతుంది. 1933లో విశాఖ నౌకాశ్రయం ప్రారంభమైనప్పుడు ఈ సంగతి ఇంజినీర్లకు తెలుసు. ప్రవేశమార్గంలో ఇసుక పూడకుండా రెండు పాత ఓడలను ముంచి, వాటినే అలలకు అడ్డుకట్టగా వాడారు. దక్షిణాన చిక్కిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్ ముందు పోయడం ఏళ్ళ తరబడి సాగుతున్న పని. సాయంత్రం ఆర్కే బీచ్‌లో మనం కూర్చునే ఇసుకలో కొంత అలా పైపుల్లోంచి వచ్చినదే.

ఒడ్డు దగ్గరి నీళ్ళ గురించి ఒక మాట, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు ఎక్కడో ఒకచోట సన్నని పాయగా లోపలికి తిరిగి పోవాలి. ఆ పాయ ఉన్నచోట అలలు సరిగా విరగవు, నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది, ఇసుక కలిసి మట్టి రంగులో ఉంటుంది. తెలియనివాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు. ఆ పాయ మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుంది. ఎదురీదితే ఈత వచ్చినవాడు కూడా అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈదితే కాసేపటికి బయటపడొచ్చు. ఈత రానివాళ్ళు మోకాలి లోతు దాటకపోవడమే మేలు. హైదరాబాద్‌లో ఉన్న జాతీయ సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్, అలల ఎత్తు గురించి ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది. బయల్దేరే ముందు చూసుకోవడానికి నిమిషం పట్టదు.

ఇసుక నిలవని చోట రాయి బయటపడుతుంది. తెన్నేటి పార్కు కింద, రుషికొండ పక్కన, మంగమారిపేట దగ్గర అలాంటి రాతి ఒడ్డులున్నాయి. నన్నడిగితే ఈ తీరం మొత్తంలో చూడదగ్గది ఇదే, జనం తక్కువగా చూసేదీ ఇదే. దీనికి టికెట్టు లేదు, పంచాంగం ఉంటే చాలు. విశాఖలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల ఇవాళ్టి ఆటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి రావడంతో పోటు పెద్దది, ఆటు లోతైనది. అష్టమి ప్రాంతంలో రెండూ నీరసంగా ఉంటాయి. కాబట్టి పున్నమి గానీ అమావాస్య గానీ వెళ్ళిన ఒకటి రెండు రోజుల్లో, ఆటు వేళకు అరగంట ముందు చేరుకోవాలి. ఇంకో కిటుకు ఉంది. బంగాళాఖాతం మట్టం మన తీరంలో ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మార్చి ప్రాంతంలో దిగువగా, అక్టోబరు, నవంబరుల్లో ఎగువగా ఉంటుంది. వేసవి మొదట్లో తీరం వెంట వీచే గాలి పైనీటిని లోపలికి నెడితే అడుగు నుంచి చల్లటి, పోషకాలున్న నీరు పైకి వస్తుంది. ఈ సంగతిని 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు తీరంలో కొలిచి రాశాడు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రాళ్ళు ఎక్కువగా బయటపడేది అందుకే.

నీరు దిగాక రాతి మీద జీవాలు అంతస్తులుగా కనిపిస్తాయి. అన్నిటికన్నా పైన, తుంపరలు మాత్రమే తగిలేచోట, మిరియపు గింజంత నత్తలు పగుళ్ళలో దాక్కుంటాయి. వాటి కింద తెల్లగా గరుగ్గా ఉండే బార్నకిళ్ళు. చూస్తే గుల్లల్లా ఉన్నా ఇవి రొయ్యకూ పీతకూ చుట్టాలు: పుట్టినప్పుడు ఈదుతూ తిరిగి, ఒకచోట నచ్చితే తలను రాతికి అతికించుకుని, జీవితాంతం కాళ్ళతో తిండి నోట్లోకి తోసుకుంటాయి. ఇంకా కిందికి గుల్లలు, నాచు. నీరు నిలిచిన గుంటల్లో సముద్రపు ఎనిమోన్లు, ఖాళీ శంఖంలో కాపురం పెట్టే సన్యాసి పీతలు, పచ్చటి బొత్తాలు పరిచినట్టుండే, ఎనిమోన్లకు చుట్టాలైన జోయాంథిడ్లు. ఏ అంతస్తులో ఎవరు ఉండాలో పై హద్దును ఎక్కువగా ఎండ నిర్ణయిస్తుంది, కింది హద్దును పోటీ, శత్రువులు నిర్ణయిస్తాయి. గుంటలో చిక్కినవాళ్ళ పరీక్ష మరీ కష్టం: మిట్టమధ్యాహ్నం నీరు కాగి ఉప్పు చిక్కబడుతుంది, వాన పడితే చప్పబడుతుంది, పోటు వచ్చేదాకా ఓర్చుకోవాల్సిందే.

చేతులు మాత్రం వెనక్కి పెట్టుకోండి. కొన్ని జోయాంథిడ్లలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. కోను ఆకారపు నత్తల్లో విషపు ముల్లు ఉంటుంది. శంఖాలు ఏరుకు తెస్తే సన్యాసి పీతకు ఇల్లు కరువవుతుంది. రాయి తిప్పి చూస్తే ఎలా ఉన్నదాన్ని అలాగే తిరిగి పెట్టాలి, కిందనున్నవాటికి ఎండ సోకితే చాలు, చచ్చిపోతాయి.

చలికాలం చివర ఇదే తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గుంటలో సుమారు 100 గుడ్లు. పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ. బయటికొచ్చిన పిల్లలు వెలుతురు ఉన్నవైపు నడుస్తాయి, మామూలుగా అయితే అది సముద్రం. మనం లైట్లు పెట్టిన చోట అది బీచ్ రోడ్డు.

భీమిలికి కాస్త ముందు ఎర్రమట్టి దిబ్బలు. సుమారు 5 కిలోమీటర్ల పొడవున, 200 మీటర్ల నుంచి 2 కిలోమీటర్ల వెడల్పున పరుచుకున్న ఇసుక ఇది. మట్టి అంటాం గానీ చేత్తో నలిపితే సన్నని ఇసుకే, కొద్దిగా బంకమట్టి కలిసి నిలబెడుతోంది. సముద్రానికి ఇంత ఎత్తున ఇంత ఇసుక ఎలా చేరింది? సుమారు 20 వేల ఏళ్ళ కిందట, గత మంచు యుగం ముదిరినప్పుడు, సముద్రపు నీటిలో కొంత భాగం ఖండాల మీద మంచుగా గడ్డకట్టి, సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు దిగిపోయింది. ఒడ్డు కిలోమీటర్ల కొద్దీ సముద్రం వైపు జరిగింది. బయటపడిన ఇసుక మైదానం ఎండితే గాలి దాన్ని కొండల అడుగుకు తెచ్చి పోసింది. అంతా గాలి పనేనా, గెడ్డల వాటా ఎంత అన్నదాని మీద వాదన ఉంది. పొరలన్నీ ఒకే రకంగా లేవు, అడుగున పసుపు ఇసుక, దాని మీద ఎర్ర గోధుమ రంగు, ఆపైన ఇటుక ఎరుపు, అన్నిటి మీద మళ్ళీ లేత పసుపు. ఒకే వాతావరణం ఇన్ని పొరలు వేయదు.

ఎరుపు మాత్రం తర్వాత వచ్చినది. గార్నెట్, ఇల్మనైట్ లాంటి గింజల్లోని ఇనుము వేల ఏళ్ళ వానా ఎండలకు బయటికి వచ్చి, హెమటైట్ అనే ఎర్రటి ఇనుప ఖనిజంగా మారి, క్వార్ట్జ్ గింజ చుట్టూ పల్చటి పొరగా అంటుకుంది. లోపలి గింజ ఇప్పటికీ తెలుపే. ఆ తర్వాత వాననీరు ఈ మెత్తటి దిబ్బను కోసి, కొమ్మలు కొమ్మలుగా చీలే లోతైన వాగులు చేసింది. ఇక్కడ రాతి పనిముట్లు కూడా దొరికాయి, అంటే మనుషులు ఇక్కడ తిరగడం ఇవాళ్టి మాట కాదు. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక తీరంలో దొరికేవి తమిళనాడులోని తేరి దిబ్బలు, శ్రీలంకలో కొంత, ఆపైన ఇది. 2014లో భూగర్భ వారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. 2024లో పక్కనే నేలను చదును చేసే పనులు మొదలైతే పెద్ద గొడవే జరిగింది. చదును చేసేవాళ్ళనే అనడం ఎందుకు, పెళ్ళి ఫొటోల కోసం గోడల మీద నుంచి జారేవాళ్ళు కూడా తమ వంతు కోస్తున్నారు. పైనున్న జీడిమామిడి, సరుగుడు వేర్లు, ఒడ్డున పాకే రావణాసురుని మీసాల గడ్డి తొక్కుడుకు పోతే వాన తన పని ఇంకా వేగంగా చేస్తుంది.

చివర భీమిలి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా దిగి, ఇక్కడిదాకా వచ్చే ఈ నది కూడా ఇసుక మోసుకొస్తుంది. దారిలో తాటిపూడి జలాశయం ఉంది. విశాఖకు తాగునీరిచ్చే చెరువుల్లో అదొకటి. నీరు గేట్లు దాటి పైపుల్లోకి వెళ్తుంది, ఇసుక జలాశయం అడుగున దిగబడుతుంది. ఒడ్డు వెంట ఉత్తరానికి పోయే ఇసుక మాత్రం ఎవరి కోసమూ ఆగదు, కాబట్టి వచ్చేది తగ్గిన మేరకు తీరమే కరగాలి. వేసవిలో వెళ్తే నది నోటికి అడ్డంగా ఇసుక మేట వేసి ఉంటుంది; వానాకాలం వరద దాన్ని తెంచుకుపోతుంది. వంతెన మీద ఒకేచోట నిలబడి మే నెలలో ఒక ఫొటో, అక్టోబరులో ఒక ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగైదేళ్ళు వరసగా తీస్తే నదికి ఎంత ఇసుక మిగులుతోందో మీకే ఒక అంచనా వస్తుంది.