చదువు పెరిగిన చోటే దూరం పెరిగింది

1988 జూన్‌లో నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనేట్ కమిటీకి భూమి వేడెక్కడం మొదలైందని చెప్పారు. అప్పటికి అది పార్టీల గొడవ కాదు. ఆ ఏడాది అధ్యక్ష పదవికి పోటీ చేసిన రిపబ్లికన్ నాయకుడు సీనియర్ బుష్, గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్‌ని (గాలిలోని వాయువులు వేడిని పట్టి ఉంచడాన్ని) వైట్‌హౌస్ ఎఫెక్ట్‌తో, అంటే అధ్యక్షుడి అధికారంతో ఎదుర్కొంటామని ప్రచారంలో మాటిచ్చారు. 1997లో గాలప్ అనే సంస్థ చేసిన సర్వేలో 'దీని ప్రభావం ఇప్పటికే మొదలైంది' అన్నవాళ్లు రెండు పార్టీల్లోనూ దాదాపు సమానం. 2008కల్లా డెమొక్రాట్లలో నూటికి డెబ్బై మందికి పైగా ఆ మాట అంటుంటే, రిపబ్లికన్లలో సగం మంది కూడా అనలేదు.

ఈలోగా సైన్స్ బలహీనపడిందా అంటే లేదు, ఇంకా గట్టిపడింది. మారింది రాజకీయం. కర్బన ఉద్గారాలు తగ్గించాలంటే బొగ్గు, పెట్రోలు, కార్ల మీద ప్రభుత్వం చెయ్యి పడాలి. ఆ పరిశ్రమలు 1989లోనే ఒక కూటమి కట్టి, సైన్స్ ఇంకా తేలలేదని ప్రచారం చేశాయి. 2002లో ఫ్రాంక్ లంట్జ్ అనే సలహాదారు, శాస్త్రీయంగా కచ్చితత్వం లేదన్న వాదాన్ని వదలొద్దని రిపబ్లికన్లకు రాసిచ్చారు. తెలిసి తెలిసి అనుమానాన్ని పెంచడం నా దృష్టిలో పెద్ద తప్పు.

మరి జనానికి సైన్స్ బాగా నేర్పితే సరిపోతుందా? యేల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డాన్ కహాన్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడే ఆశ్చర్యపరుస్తుంది. వాతావరణ మార్పు మీద సైన్స్, లెక్కలు బాగా వచ్చినవాళ్ల మధ్యే అభిప్రాయ భేదం ఎక్కువగా కనబడింది! కహాన్ వివరణ నాకు సబబుగా తోస్తుంది. నేనొక్కడినీ నమ్మినా నమ్మకపోయినా వాతావరణం మారదు. కానీ నా చుట్టూ ఉన్నవాళ్లకు ఎదురు మాట్లాడితే స్నేహాలు పోతాయి, చర్చిలో పలకరింపులు తగ్గుతాయి. అందుకే తెలివైనవాడు తన తెలివినంతా తనవాళ్ల వాదం నిలబెట్టడానికే వాడతాడు. సౌత్ కరోలినా రిపబ్లికన్ ఎంపీ బాబ్ ఇంగ్లిస్ వాతావరణ మార్పు నిజమేనన్నారు. 2010లో సొంత పార్టీ ప్రైమరీలోనే (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే) ఓడిపోయారు. ఆ ఓటమికి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, ఈ మాట కూడా ఒకటని ఆయనే చెప్పారు.

అలాగని తలుపులన్నీ మూసుకుపోలేదు. నార్త్ కరోలినా తీరప్రాంత బడుల్లో పిల్లలకు తమ ఊళ్లో సముద్రం, వాతావరణం ఎలా మారుతున్నాయో నేర్పి, ఇంట్లో అమ్మానాన్నలను ప్రశ్నలు అడిగి రమ్మన్నారు. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం తల్లిదండ్రుల్లో ఆందోళన పెరిగింది. కన్జర్వేటివ్ భావాలున్నవాళ్లలో, తండ్రుల్లో ఆ మార్పు మరీ ఎక్కువ. కొడుకుల కంటే కూతుళ్లే ఎక్కువగా ఒప్పించగలిగారు.