"స్కాన్ నార్మలే కదా మేడం": పసిబిడ్డల ఆయాసం, అపోహలు - వాస్తవాలు

పుట్టిన బిడ్డ ఆయాసపడుతుంటే "పుట్టుకతో వచ్చిన లోపం ఏమన్నా ఉందేమో చూడాలి" అంటామా, వెంటనే వాళ్ల నాన్న ఫోన్ తీసి అయిదో నెల స్కాన్ రిపోర్ట్ చూపిస్తాడు. అంతా నార్మల్ అని ఉంది కదా మేడం! ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూ) నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే, ఎక్కువ టైమ్ తినేసిందీ ఇదే.

స్కాన్‌లో అన్నీ దొరకవండీ. డయాఫ్రమ్‌లో (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం పొర) రంధ్రం ఉన్నా అప్పటికి పేగులు ఛాతీలోకి ఎక్కకపోతే తప్పిపోవచ్చు, అన్నవాహిక మూసుకుపోయిన బిడ్డకి చాలాసార్లు ఉమ్మనీరు ఎక్కువుందన్న ఒక్క క్లూనే ఉంటుంది, అదీ నెలలు నిండుతుంటే గానీ తెలీదు, ఇక ముక్కు వెనక దారి మూసుకుపోవడం అయితే మామూలు స్కాన్‌లో కనపడటమే అరుదు.

ఒక నైట్ డ్యూటీలో ఒక అమ్మమ్మ, "ఏడిస్తే ఎర్రగా ఉంటున్నాడమ్మా, ఊరుకుంటేనే నల్లబడుతున్నాడు" అంది. అప్పటిదాకా అందరూ ఆవిడది కంగారు అనేశారట, ఏడిస్తే బాగుంటున్నాడుగా, జలుబేలే అని. పసిబిడ్డలు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు, నోరు తెరిచి ఏడిస్తేనే ఆ బిడ్డకి గాలి! ఆరో నంబర్ సక్షన్ ట్యూబ్ (సన్నటి గొట్టం) ముక్కులో రెండు వైపులా కొంచెం దూరం పోయి ఆగిపోయింది, అంటే ముక్కు వెనక దారి మూసుకుపోయింది. నోట్లో ఎయిర్‌వే (గాలి ఆడటానికి పెట్టే గొట్టం) పెట్టామో లేదో రంగు తిరిగింది, తర్వాత సీటీ, ఆపరేషన్. స్కాన్ రిపోర్ట్ మాత్రం నిజంగానే నార్మల్.

నోట్లోంచి నురగ ఆగకుండా వస్తుంటే "ఉమ్మనీరు తాగాడు, పాలు పడితే సర్దుకుంటాడు" అనొద్దు. అన్నవాహిక మూసుకుపోయిందేమో, పొట్టలోకి ట్యూబ్ దిగుతుందో లేదో చూసేదాకా పాలు ఆపాలి.

పొట్ట లోపలికి పోయి, గుండె చప్పుడు కుడివైపు వినిపిస్తే డయాఫ్రమ్‌లో రంధ్రం అనుమానించాలి, మాస్క్‌తో బ్యాగింగ్ (బ్యాగ్ నొక్కి గాలి పంపడం) వద్దు, గాలి పేగుల్లోకి పోయి ఊపిరితిత్తిని ఇంకా నొక్కేస్తుంది. ఇది మా స్టాఫ్‌కి.

నిద్రలో అయిదు పది సెకన్లు ఊపిరి ఆగి మళ్లీ గబగబా తీస్తే, రంగు మారకపోతే, అది చాలామంది పిల్లల్లో మామూలే. రాత్రంతా మేలుకుని కూర్చోకండి అమ్మా. 20 సెకన్లు దాటినా, పెదాలు నాలుక నల్లబడినా, డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, నిద్రలో నిమిషానికి 60 దాటి ఊపిరి తీస్తున్నా వెంటనే తీసుకురండి. లెక్క మాత్రం పూర్తి నిమిషం పెట్టండి, పది సెకన్లు చూసి ఆరుతో గుణించకండి. వచ్చేటప్పుడు ఎప్పుడు నల్లబడ్డాడో, పాలు తాగేటప్పుడా ఏడ్చేటప్పుడా పడుకున్నప్పుడా, అది చెప్పండి, వీలైతే వీడియో తీయండి. రిపోర్ట్ తర్వాత చూద్దాం.